"యాబా డాబా డూ!" అని మీరు ఎప్పుడు అరుస్తారు?

కార్టూన్‌పిచ్చి (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున తత్కాల్ కోసం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అమ్మను తీసుకుని ఊరెళ్లాలి, స్లీపర్‌లో రెండు బెర్తులు కావాలి. పదకొండు కొట్టగానే లాగిన్, క్యాప్చా, పేమెంట్ అన్నీ అయ్యాయి. ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి గానీ పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. చివరికి కన్ఫర్మ్ అని వచ్చింది, అందులో ఒకటి లోయర్ బెర్త్! నోట్లోంచి "యాబా డాబా డూ!" అని దానంతటదే వచ్చేసింది. పక్క గదిలోంచి అమ్మ "ఏమైందిరా?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

చిన్నప్పుడు ఫ్లింట్‌స్టోన్స్ అనే రాతియుగం కార్టూన్ చూసినప్పటి నుంచీ నాకు ఈ అలవాటు ఉంది. అయితే పెద్ద విషయాలకు రాదు. ఉద్యోగం వచ్చినప్పుడు రాలేదు, పెళ్లి కుదిరినప్పుడూ రాలేదు. ఉతకడానికి వేస్తున్న చొక్కా జేబులో మర్చిపోయిన రెండొందల నోటు దొరికితే వస్తుంది. సిగ్నల్ దగ్గరికి చేరేసరికి గ్రీన్ పడితే వస్తుంది. ఇలా ఇంకెవరికైనా ఉందా? ఆ కార్టూన్ హీరో ఫ్రెడ్ నోటికి ఈ అరుపు ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు చెప్పండి.

సౌండ్‌బాక్స్ (హైదరాబాద్)

నేను డబ్బింగ్‌లో పని చేస్తాను, కాబట్టి ఈ సంగతి నాకు బాగా ఇష్టం. ఫ్రెడ్‌కి గొంతు ఇచ్చినాయన అలన్ రీడ్. అప్పటికే రేడియో నాటకాల్లో బాగా పండిపోయిన నటుడు. స్క్రిప్ట్‌లో ఫ్రెడ్ సంతోషంగా "యాహూ!" అని అరవాలని రాసి ఉందట. రీడ్ నిర్మాత జో బార్బెరాని "దీని బదులు యాబా డాబా డూ అనొచ్చా?" అని అడిగారు, ఆయన సరేనన్నారు. రీడ్ వాళ్లమ్మగారికి "ఎ లిటిల్ డాబ్ విల్ డూ యా", అంటే "కొంచెం రాసుకుంటే చాలు" అనే మాట ఊతపదంగా ఉండేదని, దాని బాణీలోంచే ఇది పుట్టిందని చెబుతారు. ఆ మాట బ్రిల్‌క్రీమ్ ప్రకటనలో బాగా పేరు పడిన నినాదం. తలకు రాసుకునే క్రీము ప్రకటన, ఒక అమ్మ నోటి మాట, స్టూడియోలో మైకు ముందు నిలబడిన కొడుకు. ఇన్ని దాటుకుని ఆ అరుపు నెల్లూరులో తత్కాల్ టికెట్ దాకా వచ్చింది!

ఒకసారి మీరే అని చూడండి. "యాబా", "డాబా" పెదవులతో టకటకా కొట్టినట్టు పలుకుతాం, ఊపిరి ఖర్చు కాదు. దాచుకున్న ఊపిరంతా "డూ" దగ్గర వదులుతాం. రీడ్ ఆ "డూ"ని సాగదీసి పైకి తీసుకెళ్తారు. "యాహూ"లో ఆ తయారీ ఉండదు, మొదటి క్షణంలోనే అయిపోతుంది. మైకు ముందు రోజూ అరిచేవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఇది నటుడు కనిపెట్టిన అరుపు. రచయిత బల్ల దగ్గర కూర్చుని రాస్తే ఇలా రాదు.

బొగ్గుబాయి బిడ్డ (గోదావరిఖని)

అన్నా, మంచి టాపిక్ పెట్టారు. అందరికీ ఆ అరుపు గుర్తుంటుంది గానీ, అది ఎక్కడ వస్తుందో చాలామంది పట్టించుకోరు. మూడో సీజన్ నుంచి వచ్చే టైటిల్ సాంగ్ ముందు ఏం జరుగుతుందో చూడండి. ఫ్రెడ్ రాతి క్వారీలో డైనోసార్ మీద కూర్చుని పని చేస్తుంటాడు. ఆ డైనోసారే వాళ్లకు క్రేన్. ఒకాయన పక్షి తోక పట్టి లాగుతాడు, ఆ పక్షి సైరన్ లాగా కూస్తుంది. షిఫ్ట్ అయిపోయింది! అప్పుడు ఫ్రెడ్ "యాబా డాబా డూ" అంటూ డైనోసార్ వీపు మీద నుంచి తోక దాకా జారి, నేరుగా కారులో పడతాడు. పాట ఆ తర్వాతే మొదలవుతుంది.

మా బాపు సింగరేణిలో పని చేసి రిటైరయ్యారు. షిఫ్ట్ సైరన్ మా ఇంట్లో గడియారం కంటే ముఖ్యం. సైరన్ కూసిందంటే అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. బాపు బాయి మీదికి వచ్చి, దీపం ల్యాంప్ రూమ్‌లో అప్పగించి, సైకిల్ మీద ఇంటికొచ్చేసరికి నీళ్లు కాగి ఉండేవి. నేను టీవీలో ఫ్రెడ్‌ని చూస్తుంటే బాపు పక్కన కూర్చుని ఆ జారుడు సీన్ వరకూ చూసేవారు. ఆయనకు ఇంగ్లీష్ రాదు. అయినా "డ్యూటీ దిగిండు, ఇంటికి పోతుండు" అని నాకే కథ చెప్పేవారు. ప్లేడే లిస్టులో ఆయన పేరు పడిన వారం ఇంట్లో మేము పిల్లలం యాబా డాబా డూ అని గంతులేసేవాళ్లం. ప్లేడే అంటే సెలవు రోజు డ్యూటీ, డబుల్ జీతం. ఆ ఆదివారం తర్వాత మాకు మటన్ గ్యారంటీ.

కార్టూన్‌పిచ్చి

తమ్ముడూ, ఇన్నేళ్లు చూశాను గానీ ఆ సైరన్ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. మీ బాపుకి నా నమస్కారాలు చెప్పు.

ఫ్రిస్కో మామ (టెక్సాస్)

ఇక్కడ మా పిల్లల తరానికి సింప్సన్స్ కార్టూన్‌లో హోమర్ అరిచే "వూహూ!" ఎక్కువ తెలుసు. చిల్లర దొరికితే వూహూ, డోనట్ దొరికితే వూహూ. నా లెక్కలో చిన్న చిన్న అదృష్టాలకు అదే సరైన అరుపు. పొట్టిగా ఉంటుంది, ఆఫీసులో కూడా అనుకోవచ్చు. సింప్సన్స్‌లో 1993లో వచ్చిన మోనోరైల్ ఎపిసోడ్ మొదట్లో హోమర్ అచ్చం ఫ్రెడ్ లాగే డ్యూటీ దిగి, అదే బాణీలో తన పేరు పాడుకుంటూ కారెక్కి వెళ్లి చెట్టును గుద్దుతాడు. వాళ్ల గురువు ఎవరో వాళ్లే ఒప్పుకున్నట్టు!

అమెరికాలో కార్టూన్‌ని ప్రైమ్ టైమ్‌లో, పెద్దవాళ్లు టీవీ చూసే రాత్రి వేళలో, సీరియల్‌గా వేసింది మొదట ఫ్లింట్‌స్టోన్స్‌నే. 1960 సెప్టెంబర్ 30, శుక్రవారం రాత్రి ఏబీసీ ఛానెల్లో మొదలైంది. 1966 ఏప్రిల్ 1 దాకా ఆరు సీజన్లు, 166 ఎపిసోడ్లు. ఆ లెక్కను దాటింది 1997లో సింప్సన్సే.

గోదారమ్మాయి (రాజమండ్రి)

నాది వేరే గొడవండీ. మా ఇంట్లో ఇలా అరిస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదు. "గట్టిగా నవ్వితే తర్వాత గట్టిగా ఏడవాలి, మంచి జరిగితే గప్‌చుప్‌గా ఉండాలి" అనేది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది" అన్న సామెత రోజుకోసారైనా వినేదాన్ని. నాకు స్కూల్లో బహుమతి వస్తే, వీధిలో ఎవరికీ చూపించకుండా కొంగు చాటున పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చేది. సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఇప్పుడు మా ఏడేళ్ల బాబు ఐస్‌క్రీమ్ పుల్ల మీద "ఇంకొకటి ఫ్రీ" అని కనిపించగానే అపార్ట్‌మెంట్ మొత్తం వినపడేలా యాబా డాబా డూ అంటుంటే గుండె ఝల్లుమంటోంది. వద్దనాలో, పోనీలే అనాలో తెలియడం లేదు.

రాతిచక్రం (గుంటూరు)

అక్కా, వద్దనకండి. మీ అమ్మమ్మగారి మాట నేను కొట్టేయను, మా ఇంట్లోనూ అంతే. కానీ ఆవిడ భయం పెద్ద అదృష్టాల గురించి. కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఇల్లు కడితే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. బిర్యానీ పార్శిల్‌లో ఒక లెగ్ పీస్ ఎక్కువ వచ్చిందని ఎవరైనా గుమ్మడికాయ కడతారా? దానికి దిష్టి పెట్టేవాడు ఎవడున్నాడు! ఐస్‌క్రీమ్ పుల్ల అదృష్టం చూసి కుళ్లుకునే మనిషి ఉండడు, విన్నవాడు కూడా నవ్వుతాడు. అరిచి చెప్పుకోవడానికి మనవాళ్లు భయపడకుండా వదిలేసిన జాగా అదొక్కటే. ఫ్రెడ్ అరుపు సరిగ్గా ఆ జాగాలోకి వచ్చి కూర్చుంది. నెల్లూరు అన్నగారికి పెళ్లి కుదిరినప్పుడు రాకపోవడం, టికెట్‌కి రావడం కూడా ఇందుకే అని నా నమ్మకం.

ఫ్రెడ్ జీవితం చూడండి. వాడికి పెద్ద అదృష్టం ఎప్పుడూ నిలవదు. త్వరగా డబ్బున్నవాడు అయిపోవాలని ప్లాన్లు వేస్తాడు, పక్కింటి స్నేహితుడు బార్నీని కూడా లాగుతాడు, అంతా తల్లకిందులవుతుంది. రెండో సీజన్లో ఒక ఎపిసోడ్ ఉంది. ఫ్రెడ్‌కి పందేల పిచ్చి. "పందెం" అన్న మాట చెవిన పడితే చాలు, అదే మాట గొణుక్కుంటూ ఒళ్లు తెలియకుండా అయిపోతాడు. వాడికి దక్కేవన్నీ చిన్నవే: సాయంత్రం డ్యూటీ దిగడం, బౌలింగ్ ఆట, భార్య విల్మా వండిన భోజనం. వాటికే అంత పెద్ద అరుపు. పెద్దది దక్కనివాడు చిన్నదాన్ని తక్కువ చేసి చూడకపోవడం నాకు ఫ్రెడ్‌లో అన్నిటికంటే నచ్చే గుణం.

బెజవాడ కృష్ణమ్మ (విజయవాడ)

రాతిచక్రం గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ ఒకటి ఒప్పుకోను. చిన్న అదృష్టానికి కుళ్లుకునేవాళ్లు ఉండరన్నారు. అదృష్టం చిన్నదే అయినా, చాలాసార్లు అది పక్కవాళ్ల చేతిలోంచి జారి మనకు వచ్చినదే. పండగ ముందు రోజు బస్టాండ్‌లో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకున్నాం అనుకోండి, మనకు యాబా డాబా డూ. మరి చంటిపిల్లని ఎత్తుకుని మన పక్కనే నిలబడిన ఆవిడకి?

మా ఆఫీసులో దసరాకి సెలవు ఇద్దరం అడిగాం, నాకు ఇచ్చారు. సీట్లోంచి లేచి అరవబోయి ఎదురుగా ఆ అమ్మాయి మొహం చూశాను. కంప్యూటర్ వంక చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని తర్వాత తెలిసింది. సెలవు సర్దుబాటు చేసుకున్నాం, మొదటి రెండు రోజులు తను, తర్వాత నేను. అరుపు వద్దని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో నేనే ఎక్కువ అరుస్తాను. కానీ చుట్టూ ఒకసారి చూసి అరవాలి.

బొగ్గుబాయి బిడ్డ

అక్కా, ఈ మాట నిజం. ప్లేడే లిస్టులో పేరు లేనివాళ్ల పిల్లలు కూడా మా వాడలోనే ఉండేవారు. అందుకే బాపు "తలుపేసి దుంకుండ్రి" అనేవారు. అప్పుడు ఎందుకో తెలియలేదు.

అదే అందం సైరన్‌లో ఉంది చూడండి. సైరన్ కూస్తే షిఫ్ట్ అందరికీ అయిపోతుంది. ఫ్రెడ్ ఒక్కడికే కాదు, క్వారీ మొత్తానికి. ఎవరి సీటూ గుంజుకున్నది కాదు.

రాతిచక్రం

కృష్ణమ్మ గారూ, మీ దసరా సంగతి చదివాక మీ మాట పట్టించుకోక తప్పదు. అందరికీ ఒకేసారి కలిసొచ్చే చిన్న అదృష్టాల జాబితా ఒకటి రాద్దాం అనిపిస్తోంది. భారీ వర్షానికి కలెక్టర్ గారు స్కూళ్లకు సెలవు ప్రకటించడం మొదటిది. ఎండాకాలం రాత్రి పోయిన కరెంటు రావడం రెండోది. ఆ కరెంటు వచ్చిన క్షణం వీధి వీధంతా ఒకే గొంతుతో "హేయ్" అంటుంది కదా, అది మన ఊళ్ల యాబా డాబా డూ.

ఫ్రిస్కో మామ

కరెంటు "హేయ్" గుర్తు చేశారు! ఇక్కడ కరెంటు అలా రోజూ పోదు, అందుకని ఆ అరుపూ లేదు. పిల్లలకు చెబితే అర్థం కాదు.

సౌండ్‌బాక్స్

మధ్యలో ఒక మాట. బార్నీ గురించి ఎవరూ రాయలేదు. ఫ్రెడ్ అరుపు నిలబడింది పక్కన బార్నీ నవ్వు ఉండబట్టే. ఆ గొంతు మెల్ బ్లాంక్‌ది, కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీకి గొంతు ఇచ్చినాయనే. పెంపుడు డైనోసార్ డీనో కూడా ఆయనే. 1961 జనవరి 24న లాస్ ఏంజెలెస్‌లో ఆయన కారుకి ఘోరమైన ప్రమాదం జరిగింది. చాలా రోజులు స్పృహ లేదు. పిలిస్తే పలకని మనిషిని డాక్టర్ "బగ్స్ బన్నీ, ఎలా ఉన్నావు?" అని అడిగితే, బగ్స్ గొంతుతో జవాబు చెప్పారని ఆయన కుటుంబం చెప్పింది. కొన్ని ఎపిసోడ్లకు డాస్ బట్లర్ అనే మరో నటుడు బార్నీ గొంతు ఇచ్చారు. ఆ తర్వాత బ్లాంక్ ఒళ్లంతా కట్లతో మంచం మీద పడుకునే రికార్డింగ్ చేశారు. మైకు ఆయన మంచం దగ్గరికి తెచ్చారు. ఆ రోజుల్లోని బార్నీ నవ్వు వింటే ఇది పడుకున్న మనిషి నవ్వు అని ఎవరూ పోల్చుకోలేరు. మా పనిలో ఉన్నవాళ్లం ఆ ఎపిసోడ్లను ఒక రకమైన భక్తితో వింటాం. కూర్చుని అరవడమే కష్టం, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరం నొక్కుకుపోతుంది. అలాంటిది వెల్లకిలా పడుకుని నవ్వడం!

అలన్ రీడ్ 1977లో పోయారు. తర్వాత ఫ్రెడ్ గొంతు హెన్రీ కోర్డెన్‌ది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. కోర్డెన్ చాలా బాగా చేశారు, అయినా ఆ "డూ"లోని బరువు నాకు రీడ్ దగ్గరే వినిపిస్తుంది.

కేబుల్ కాలం (వరంగల్)

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. పగలు కార్టూన్లు, రాత్రయితే అదే ఛానెల్లో పాత హాలీవుడ్ సినిమాలు. నాకు ఒక్క ముక్క ఇంగ్లీష్ అర్థమయ్యేది కాదు. అయినా రాతి టీవీ, కాళ్లతో తొక్కే కారు, చెత్త తినే జంతువు, ఏనుగు తొండంతో కుళాయి... ఇవి చూడటానికి భాష ఎందుకు? భాష లేకుండా మొదట నేర్చుకున్నది ఆ అరుపే. సాయంత్రం క్రికెట్‌లో బాల్ ఎవరి ఇంట్లోనూ పడకుండా గోడ అంచుకు తగిలి వెనక్కి వస్తే అరిచేవాళ్లం. ఆ గోడ అవతల ఉండే ఆయన బాల్ ఇచ్చేవాడు కాదు మరి.

మా గ్యాంగ్‌లో ఇద్దరు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నారు, ఒకడు మెల్‌బోర్న్‌లో. వాట్సాప్‌లో ఎవరికి ఏ చిన్న మంచి జరిగినా మెసేజ్ ఒకటే, "యాడాడూ". అంత పొట్టిగా రాసినా అందరికీ అర్థమవుతుంది. వీసా, ప్రమోషన్ లాంటివైతే ఫోన్ చేసి చెప్పుకుంటాం. నైట్ డ్యూటీ క్యాన్సిల్ అయింది, రూమ్‌లో ఇవాళ పప్పుచారు వండారు, అలాంటివే యాడాడూ.

గోదారమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండీ. బాబుకి కృష్ణమ్మ గారి మాటే చెప్పాను, ముందు చుట్టూ చూడు, తర్వాత అరువు అని. నిన్న రెండో ఐస్‌క్రీమ్ తెచ్చుకుని పక్కింటి పాపకి సగం పెట్టాడు, ఇద్దరూ కలిసి అరిచారు. అమ్మమ్మ ఉంటే ఇద్దరికీ కలిపి దిష్టి తీసేది.

ఒక సందేహం. వాడికి అసలు కార్టూన్ చూపిద్దాం అనుకుంటున్నాను. పాతది కదా, సిగరెట్ ప్రకటనలు ఉంటాయని ఎక్కడో చదివాను. పిల్లలకు ఫర్వాలేదా?

ఫ్రిస్కో మామ

నిజమే అమ్మా. మొదటి రోజుల్లో విన్‌స్టన్ సిగరెట్ కంపెనీ స్పాన్సర్. ఫ్రెడ్, బార్నీ దమ్ము కొడుతున్న ప్రకటనలు కూడా వేశారు, ఎందుకంటే అప్పుడు అది పెద్దవాళ్ల ప్రోగ్రాం. అవి ఎపిసోడ్ల బయట విడిగా వచ్చేవి, ఇప్పుడు దొరికే కథల్లో భాగం కాదు. 1968 నుంచి అదే ఫ్రెడ్ బొమ్మతో పిల్లల విటమిన్ మాత్రలు వచ్చాయి, మా ఇంట్లో పిల్లలు అవి నమిలే పెరిగారు. నాకైతే అభ్యంతరం అనిపించేది ఒక్కటే, ఫ్రెడ్ విల్మా మీద అరవడం. అది వచ్చినప్పుడు పక్కన కూర్చుని మాట్లాడండి.

బెజవాడ కృష్ణమ్మ

అది మాత్రం తప్పక మాట్లాడాలి. అయితే చివరికి ప్రతిసారీ విల్మాదే పైచేయి, ఆ సంగతీ పిల్లలకు చూపించాలి.

కార్టూన్‌పిచ్చి

మొదటి ఎపిసోడ్ నుంచే పెట్టండి అక్కా. భార్యలతో ఒపెరాకి వెళ్లడం తప్పించుకోవడానికి ఫ్రెడ్ జబ్బు నటించి, బార్నీ తయారు చేసిన ఎగిరే యంత్రం ఎక్కి బౌలింగ్‌కి పోతాడు. అందులో డైలాగుల కంటే పరుగులే ఎక్కువ, ఏడేళ్లవాడికి సరిపోతుంది. మొదటి రెండు సీజన్లలో టైటిల్‌కి మాటలున్న పాట ఉండదు, సంగీతమే. తోక మీద జారే సీన్ కోసం బాబు ఎదురుచూస్తుంటే, మూడో సీజన్ దాకా ఆగాలని ముందే చెప్పండి.